రేపల్లె సాయంత్రపు కరెంటు

1989 జులైలో నన్ను బాపట్లలో ఒక డిగ్రీ కాలేజీకి ఫిజిక్స్ లెక్చరర్‌గా బదిలీ చేశారు. అప్పటికి నా సర్వీసు పదకొండేళ్లు. లెక్చరర్ పైన మెట్టు రీడర్. ఆ మెట్టెక్కాలంటే పిహెచ్.డి. ఉండాలి. నాకు లేదు. పైగా నేను స్వతహాగా కాలు ఒకచోట నిలవని మనిషిని. బోర్డు మీద లెక్క సగంలో ఉండగానే నా మనసు తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయేది. నాకంటే చిన్నవాళ్లు రీడర్లవుతుంటే పైకి నవ్వుతూ అభినందించి, ఇంటికొచ్చి అన్నం సహించక లేచిపోయేవాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత జరిగినదాంట్లో సగం తప్పు ఆ తొందరదే.

మరుసటి ఏడు పార్ట్‌టైమ్ పరిశోధనకు పేరు నమోదు చేయించుకున్నాను. ఎంచుకున్న విషయం హార్మోనియం రీడ్లు. మాది తెనాలి. మా వీధి చివర నాటకాల వాళ్లు రిహార్సల్ వేసుకునే ఇల్లు ఉండేది. పద్యం ఎవరిదైనా హార్మోనియం మాత్రం మా ఇంట్లో మోగినట్టే ఉండేది. రీడ్ అంటే ఇత్తడి చట్రంలో బిగించిన సన్నని నాలుక. గాలి తగిలితే కంపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నాలుక ఎలా అలిసిపోతుంది, దాని స్వరం ఎంత మారుతుంది అన్నది నా పరిశోధన.

అంతకుముందు ఇలాంటి కొలతలు ఎలా తీసేవాళ్లో చెప్పాలి. శృతిదండం, అంటే ట్యూనింగ్ ఫోర్కు, ఒకటి పక్కన పెట్టుకుని, సోనోమీటర్ తీగ పొడవు జరుపుతూ రీడ్ స్వరంతో కలిసేదాకా చెవి పెట్టుకుని వినాలి. ఒక్క రీడుకు ఒక మధ్యాహ్నం. 1991 వేసవిలో మా కాలేజీకి కంప్యూటర్ వచ్చింది. ప్రిన్సిపాల్ గదికి లేని ఏసీ దాని గదికి పెట్టించారు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. దానికి శబ్దాన్ని అంకెలుగా మార్చే కార్డు ఒకటి బిగించాక నాకు కొత్త ప్రాణం వచ్చినట్టయింది. టేపు మీద ఎక్కించిన ధ్వనిని అందులోకి పంపిస్తే, నాలుగైదు నిమిషాలు తనలో తాను గొణుక్కుని, కంపనాల సంఖ్య దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలతో సహా తెరమీద చూపించేది. మధ్యాహ్నం పని ఐదు నిమిషాలకు వచ్చింది. ఆ రెండు దశాంశాలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించేది. చెవితో పని లేదని నేను క్లాసులో కూడా అనేవాణ్ణి.

అక్కౌంట్స్ వాళ్లూ, లెక్కల డిపార్టుమెంటు వాళ్లూ వారమంతా కంప్యూటర్‌ను వదిలేవాళ్లు కాదు. నాకు దొరికింది ఆదివారం ఉదయం మాత్రమే.

లాబ్‌లో నాకు గట్టివాడినన్న పేరుండేది. అందుకు ఒక ఉదాహరణ ఏసీ సోనోమీటర్ ప్రయోగం. బిగించిన తీగలోకి గోడ ప్లగ్గులోని కరెంటును తగ్గించి పంపిస్తాం. పక్కన అయస్కాంతం ఉంటుంది. తీగ పొడవు సరిగ్గా కుదిరిన చోట దాని మీద పెట్టిన కాగితపు ముక్క ఎగిరి పడుతుంది. ఆ పొడవును బట్టి కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటు వెళ్లి ఇటు వస్తుందో, అంటే దాని ఫ్రీక్వెన్సీ ఎంతో, లెక్క కడతారు. పుస్తకంలో సమాధానం యాభై. విద్యార్థులు నలభై ఎనిమిదిన్నర అనో, నలభై తొమ్మిది అనో రాసుకొస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, మళ్లీ చేయమని రాసేవాణ్ణి. మర్నాటికి అందరికీ యాభై వచ్చేది. క్రమశిక్షణ అంటే ఇదీ అని మురిసిపోయేవాణ్ణి.

నా పరిశోధనకు కావలసింది చాలా ఏళ్లుగా ఒకే చేతి మీదుగా శృతి చేయించుకుంటున్న హార్మోనియం. రేపల్లెలో ఒక చర్చిలో అలాంటిది ఉందని తెలిసింది. కాళ్లతో తొక్కే పెద్ద హార్మోనియం, అరవై ఒక్క మెట్లు. ముప్పై ఏళ్లకు పైగా దాన్ని శృతి చేస్తున్నది తెనాలికి చెందిన జీవరత్నం గారు. ఆయనకు అప్పటికి అరవై మూడేళ్లు. చర్చి పెట్టెలే కాదు, తెనాలి చుట్టుపక్కల నాటక సమాజాల హార్మోనియాలు కూడా ఆయన చేతికే వచ్చేవి. చర్చిలో గాయక బృందాన్ని నడిపేది సుందరరావు గారు, రేపల్లెలోనే ఒక ఆఫీసులో గుమాస్తా. నెమ్మదస్తుడు. ఆయన నాకు అనుమతి ఇప్పించి, ఒక చిన్న షరతు పెట్టారు. కమిటీ వాళ్లు క్రిస్మస్‌కి ఎలక్ట్రానిక్ కీబోర్డు తెప్పించాలా, పాత పెట్టెతోనే సరిపెట్టుకోవాలా అని తర్జనభర్జన పడుతున్నారు కాబట్టి, హార్మోనియం స్థితి మీద నేనొక రిపోర్టు రాసివ్వాలి. అదెంత పని అన్నాను.

అక్టోబరులో ఒక పనిరోజు సగం పూట సెలవు పెట్టి, కాలేజీ స్పూల్ టేప్ రికార్డర్ మోసుకుని బయల్దేరాను. తెనాలిలో రైలు మారి రేపల్లె చేరేసరికి నాలుగున్నర దాటింది. క్యాసెట్ రికార్డర్ అయితే తేలికే, కాని స్పూల్ యంత్రం నిక్కచ్చిగా తిరుగుతుందని నా నమ్మకం. నా జాగ్రత్తలకు కొదవ లేదు. రేపల్లెలో దీపాలు పెట్టే వేళకు వోల్టేజి పడిపోతుందని తెలుసు కనుక స్టెబిలైజర్ కూడా మోసుకెళ్లాను. ముందు రోజు మా లాబ్‌లో శృతిదండం మోగించి టేపు మీదికి ఎక్కించి, అప్పటికప్పుడే తిరిగి విని సరిచూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

సుందరరావు గారు ఆఫీసు వదిలి వచ్చి తలుపు తీసేసరికి ఆరు. ఫ్యాను ఆపించాం. ఆయన మెట్టు నొక్కడం, నేను మైకు దగ్గర 'రీడ్ ఒకటి', 'రీడ్ రెండు' అని చెప్పడం, పది సెకన్లు ఎక్కించడం. ఎడమ చివర మంద్ర స్వరాలతో మొదలుపెట్టి కుడి చివర తార స్వరాల దాకా వరసగా వెళ్లాం. మధ్యలో ట్యూబులైటు ఆరి మళ్లీ వెలగనని మొరాయించింది. బల్బు వేసుకుని కానిచ్చాం. పూర్తయ్యేసరికి ఏడున్నర దాటింది. తిరిగొచ్చే రైల్లో టేపు ఉన్న పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూచున్నాను, పక్కన పెట్టబుద్ధి కాలేదు.

ఆ తర్వాత మూడు ఆదివారాలు కంప్యూటర్ ముందు గడిపాను. గ్రాఫు గీసి చూస్తే ఎగిరి గంతేసినంత పని చేశాను. మంద్ర స్వరాల్లో తేడా కొంచెమే. పైకి పోయేకొద్దీ ప్రతి రీడూ ఉండవలసిన దానికంటే కాస్త హెచ్చు, ఆపైది ఇంకాస్త హెచ్చు. చివరికి వచ్చేసరికి ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ ఉండే దూరంలో సగానికి పైనే తప్పు పోగుపడింది. అడ్డదిడ్డంగా కాదు, గీత గీసినట్టు సాఫీగా. రీడ్లు పాతబడితే ఇంత క్రమంగా పాతబడవు. మరి కారణం ఏమిటి? నాకు తట్టిన సమాధానం నాకే అబ్బురంగా తోచింది. ముసలితనంలో ముందు మందగించేది పై స్థాయి ధ్వనులు వినే శక్తి. శృతి చేసేవాడి చెవి మందగిస్తే, పై స్వరాలు తక్కువగా ఉన్నాయనుకుని వాటిని హెచ్చిస్తూ పోతాడు. అంటే అరవై ఒక్క రీడ్లలో నేను చూస్తున్నది జీవరత్నం గారి చెవుల వయసు! రీడ్ల అలసట వెతకబోయిన వాడికి ఇంకా పెద్ద విషయం దొరికిందనుకున్నాను.

ఆయనను నేను అప్పటిదాకా ఒక్కసారైనా కలవలేదు. కలవాలని తోచనూ లేదు.

రిపోర్టు ఒక పేజీ రాశాను. 'శృతికారుని వయసు రీత్యా పై స్థాయి ధ్వనులను గ్రహించే శక్తి తగ్గియుండవచ్చును' అని అందులో ఒక వాక్యం. దాని వెనక, అంచుల్లో చిల్లులున్న కంప్యూటర్ కాగితం మీద అచ్చయిన గ్రాఫు జతచేశాను. నవంబరు మొదట్లో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక సుందరరావు గారు దాన్ని సంఘం ముందు చదివారు. అదే నెలలో ఒక సెమినార్‌లో నేను అదే విషయం పేపరుగా చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. మా గైడ్ గారు భుజం తట్టారు. కమిటీ కీబోర్డు తెప్పించడానికి నిర్ణయించింది. అది నాకు వార్తగా కూడా అనిపించలేదు.

తెనాలి, రేపల్లెల మధ్య రోజూ వందల మంది తిరుగుతారు. చర్చిలో చదివిన కాగితం తెనాలి చేరడానికి ఎంతసేపు పడుతుంది? రత్నం గారికి చెవులు పోయాయట, కంప్యూటర్‌లో తేలిందట అన్నది పదిహేను రోజుల్లో నాటకాల వాళ్ల దాకా పాకింది. రెండు సమాజాలు తమ హార్మోనియాలను వేరే ఊరికి పంపించాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

డిసెంబరు మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కంప్యూటర్ గది గుమ్మంలో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నారు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డ సంచి. చెప్పులు విడిచి, లోపలికి రావచ్చాండి అని అడిగి, తన పేరు చెప్పారు. ఆదివారం ఆరాధన మానుకుని ఆయన ప్రయాణం చేశారంటే విషయం చిన్నది కాదని అప్పటికైనా నాకు తట్టాలి. నేను మాత్రం, ఈయన పోట్లాడితే ఏం చెప్పాలా అని మనసులో వాక్యాలు పేర్చుకుంటున్నాను.

ఆయన పోట్లాడలేదు. సంచిలోంచి ఒక పాత రీడూ, గీకుడు ఉలీ తీసి బల్ల మీద పెట్టి, తాను చేసే పని వివరించారు. కొసన గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. ఒక స్వరాన్నీ, పై స్థాయిలో దాని జంటనూ కలిపి నొక్కి వింటారు. రెండూ కలవకపోతే ధ్వనిలో అల లేస్తుంది. అల పోయేదాకా గీకుతారు.

"జంట మెట్లు వేసి విన్నారాండి మీరు?" అని అడిగారు.

వినలేదన్నాను. కంప్యూటర్ ఒక్కొక్క రీడునే కొలుస్తుందని ఏదో చెప్పాను. ఆ అలల గురించి ఏటా రెండు పీరియడ్లు పాఠం చెప్పేవాణ్ణి నేనే. చెవి మందగించిన వాడికి కూడా అల వినబడుతుంది, అది ధ్వని పెరగడం తగ్గడం కనుక. నా పాఠం నాకే అక్కరకు రాలేదు.

"పోనీ, ఆ టేపు ఒకసారి వినిపించండి మాస్టారూ. నేను విని వెళ్లిపోతాను."

వినిపించాను. ఆయన కుర్చీలో కూచోకుండా, నిలబడే, తల కొంచెం పక్కకు వంచి విన్నారు. నా గొంతు 'రీడ్ ఒకటి' అంటుంది, రీడ్ మోగుతుంది, 'రీడ్ రెండు' అంటుంది. పదో రీడ్ దగ్గర ఆయన నా వంక చూశారు. ముప్పయ్యో రీడ్ దగ్గర మళ్లీ చూశారు. యాభై దాటాక చెయ్యెత్తి ఆపమన్నారు.

"ఈ మాట్లాడేది ఎవరండి?"

"నేనేనండి."

"మీరు కాదండి. మీరు ఇంత సన్నగా మాట్లాడరు. మొదట్లో కొంచెం మీలాగే ఉన్నారు గానీ, పోనుపోను ఎవరో కుర్రాడు మాట్లాడుతున్నాడేంటి?"

నేను నవ్వబోయాను. టేపు వెనక్కి తిప్పి 'రీడ్ రెండు' విన్నాను. ముందుకు తిప్పి 'రీడ్ అరవై' విన్నాను. మూడు ఆదివారాలు ఆ టేపు నా చెవుల ముందే తిరిగింది. రీడ్లను కంప్యూటర్‌కి అప్పగించి, నా గొంతు వచ్చిన చోటల్లా గడియారం చూసుకున్నానే తప్ప విన్నది లేదు. రీడ్లు పైకి పోతున్నకొద్దీ నా గొంతు కూడా వాటితో పాటు పైకి పోతోంది. నా గొంతును ఎవరూ గీకలేదు కదా.

చెవులు పోయాయని నేను రాసిచ్చిన మనిషి, నిలుచున్న పళాన, ఉత్త చెవులతో నా యంత్రం తప్పు పట్టుకున్నాడు. టీ తెప్పిస్తానన్నాను. వద్దండి, రైలుకు టైమవుతుంది అన్నారు. వెళ్లేముందు చెప్పులు వేసుకుంటూ మాత్రం ఒక మాటన్నారు.

"కీబోర్డు కొనుక్కోనివ్వండి మాస్టారూ, దాని మీద నాకేం బాధ లేదు. నా చెవుల గురించి చదివిన కాగితం ఉంది చూశారా, తప్పని తేలితే మాత్రం అది చదివిన చోటే ఇంకో కాగితం చదవండి. అంతేనండి."

ఆ రాత్రి అన్నం ముందు కూచుని లేచాను. టేపు ఎక్కించినప్పుడు యంత్రం నెమ్మదిగా తిరిగి ఉంటేనే వినిపించేటప్పుడు స్వరం హెచ్చుతుంది. కాని వోల్టేజికి స్టెబిలైజర్ పెట్టానే! యంత్రం విప్పి చూశాక సంగతి అర్థమైంది. అందులోది గోడ కరెంటుతో నేరుగా నడిచే మోటారు. దాని వేగాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఫ్రీక్వెన్సీ. స్టెబిలైజర్ వోల్టేజిని నిలబెడుతుంది గాని ఫ్రీక్వెన్సీ జోలికి పోదు. ఫ్రీక్వెన్సీ ఎప్పుడూ యాభయ్యే కదా అని నేను అనుకున్నాను. పదమూడేళ్లుగా బోర్డు మీద రాస్తున్న అంకె అది.

మర్నాడే సెలవు పెట్టి రేపల్లె సబ్‌స్టేషన్‌కు వెళ్లాను. సబ్‌స్టేషన్‌లో గంట గంటకూ వోల్టేజి, లోడు, ఫ్రీక్వెన్సీ ఒక లాగ్ షీటులో రాసి పెడతారు. షిఫ్ట్ ఆపరేటర్ అక్టోబరు కట్ట తీసి నా ముందు పడేశారు. మేము రికార్డు చేసిన రోజు ఆరు గంటలకు నలభై తొమ్మిది పైన. ఏడు గంటలకు నలభై ఎనిమిదిన్నర. ఎనిమిదికి నలభై ఎనిమిదే. ఊరూరా దీపాలు వెలిగినకొద్దీ కరెంటు నీరసించిపోయింది.

ఇది రోజూ ఇంతేనా అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశారు. "సాయంత్రాలు ఇంతేనండి. యాభై చూడాలంటే ఆదివారం పొద్దునో, పండగ సెలవులకో రండి" అన్నారు.

నేను కంప్యూటర్‌కు టేపు వినిపించింది ఆదివారం పొద్దునే. శృతిదండంతో సరిచూసింది బాపట్లలో, ఎక్కించడం వినడం రెండూ అదే నిమిషంలో, అదే కరెంటు మీద. రెండు తప్పులూ ఒకదానికొకటి సరిపోయి, అంతా బాగుందని నాతో చెప్పాయి. నేను మూడు ఆదివారాలు కూచుని రెండు దశాంశాల దాకా కొలిచింది జీవరత్నం గారి చెవులను కాదు, రేపల్లె సాయంత్రపు కరెంటును. లాగ్ షీటులోని అంకెలు నా గ్రాఫు మీద పెట్టి చూస్తే గీత మీద గీత కూచుంది.

అయినా నిర్ధారణ చేసుకోకుండా ఊరుకోకూడదని, మళ్లీ హార్మోనియం దగ్గరికి వెళ్లాను. ఈసారి ప్రతి ఐదు రీడ్లకూ ఒకసారి శృతిదండం మోగించి అదే టేపు మీదికి ఎక్కించాను. వినిపించేటప్పుడు శృతిదండం ఎంత హెచ్చితే రీడూ అంతే హెచ్చినట్టు. ఆ తేడా తీసేస్తే అరవై ఒక్క రీడ్లూ నా కొలతకు అందే మేరలో సరిగ్గా ఉన్నాయి. జంటలు వేసి కూడా విన్నాను. ఎక్కడా అల లేదు.

గైడ్ గారికి చెప్పాను. ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, వచ్చే పేపరు చివర సవరణ అని నాలుగు పంక్తులు వేస్తే చాలన్నారు. చర్చికి వెళ్లి చదవడం పరిశోధన పద్ధతి కాదన్నారు. థీసిస్ పరీక్షకుల చెవిన పడితే ఏమవుతుందో ఆలోచించుకోమన్నారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఐదు రోజులు ఆలోచించాను. ఆలోచించడమంటే ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరగడం. సిగ్గు ఒకవైపు, రీడర్ పోస్టు ఒకవైపు. నా ఒక్క వాక్యంతో ఒక మనిషి బతుకుతెరువు మీద మచ్చ పడిందన్న గుబులు అన్నిటికంటే పైన. మా ఆవిడ చూసి చూసి, వెళ్లేది రైల్లో కదా, ఆ నడిచేదేదో స్టేషన్ దాకా నడవండి అంది.

ఆదివారం రేపల్లె వెళ్లాను. ఆరాధన ముగిశాక పాస్టరు గారు నన్ను ముందుకు పిలిచారు. హార్మోనియం పక్కన కొత్త కీబోర్డు, దుమ్ము పడకుండా దుప్పటి కప్పి ఉంది. కాగితం తీసి చదివాను. నా రిపోర్టులోని ఫలానా వాక్యం తప్పు, తప్పు కొలతది, కొలత తప్పు నాది, హార్మోనియం శృతిలో ఏ లోపమూ లేదు. టేపు సంగతీ కరెంటు సంగతీ కూడా వివరించబోయాను గాని, రెండు వాక్యాల తర్వాత ఎవరి ముఖాల్లోనూ ఏమీ కనబడలేదు. ముందు వరసలో చాప మీద కూచున్న ఒక ముసలావిడ చెయ్యి ఊపి నన్ను ఆపింది.

"అయితే మా రత్నం చెవులు బాగానే ఉన్నాయంటావా బాబూ?"

"బాగున్నాయండి. బాగోలేనిది నా లెక్క."

"అది చెప్పు మరి. కరెంటు ఎందుకు మధ్యలో?" అంది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది, కాని బరువు దిగింది.

జీవరత్నం గారు వెనక వరసలోంచి లేచి వచ్చారు. హార్మోనియం ముందు కూచుని, పాట ఏమీ ఎత్తుకోకుండా, ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా జంట మెట్లు ఒక్కొక్కటే నొక్కుతూ వెళ్లారు. ప్రతి జంటనూ అందరూ వినేదాకా ఉంచారు. అలా ఎన్ని నిమిషాలు పట్టిందో తెలియదు, పిల్లలు కూడా కదల్లేదు. అయ్యాక సుందరరావు గారు దుప్పటి తీసి, మొహమాటపడుతూనే, కీబోర్డు దీనితో కలవడం లేదండి, క్రిస్మస్‌కి రెండూ వాడదామనుకున్నాం అన్నారు. కీబోర్డులో మొత్తం శృతిని మీట నొక్కి పెంచడానికీ తగ్గించడానికీ ఏర్పాటు ఉంటుంది. ఎంతకు పెట్టాలో తెరమీద అంకె చూపిస్తుంది గాని, ఏ అంకె దగ్గర ఆగాలో అది చెప్పదు. జీవరత్నం గారు హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పట్టుకున్నారు. "కొంచెం దించండి. ఇంకొంచెం. ఎక్కువైంది, పెంచండి... ఆఁ, ఉంచండి" అన్నారు. అల పోయింది. ఆ అంకెను సుందరరావు గారు ఒక చీటీ మీద రాసి కీబోర్డుకు అంటించారు.

దీంతో అంతా చక్కబడిందని చెప్పను. హార్మోనియాలు వేరే ఊరికి పంపిన రెండు సమాజాల్లో ఒకటి తిరిగి రాలేదు. నేను తెనాలిలో ఆ సమాజం వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పాను, అవునా అండి అన్నారు, మజ్జిగ ఇచ్చారు, హార్మోనియం మాత్రం ఆయన దగ్గరికి పంపలేదు. మరో నాలుగైదేళ్లలో ఆ నాటకాల వాళ్లు కూడా కీబోర్డులకు మారిపోయారు. జీవరత్నం గారి ఉలి సంచిలోంచి బయటికి రావడం తగ్గింది. దానికి కారణం నా రిపోర్టు కాదని అందరూ అంటారు, నేనూ అనుకుంటాను. థీసిస్ రెండేళ్లు ఆలస్యమైంది. అందులో కొలత పద్ధతి అధ్యాయంలో తప్పు మొత్తం రాసి, పట్టుకున్న వారి పేరు రాశాను. పరీక్షకులు మెచ్చుకున్నది ఆ అధ్యాయాన్నే. రీడర్‌ను 1996లో అయ్యాను.

ఆ క్రిస్మస్ గడిచి, జనవరిలో సెలవులయ్యాక, ఒక పని మిగిలిందని తోచి, లాబ్ బీరువాలోంచి పాత విద్యార్థుల రికార్డు పుస్తకాలు తీశాను. వేటపాలెం నుంచి రోజూ రైల్లో వచ్చే ఒకమ్మాయి పుస్తకంలో ఏసీ సోనోమీటర్ ప్రయోగం కనబడింది. మూడుసార్లు చేసింది. నలభై ఎనిమిది పాయింట్ ఎనిమిది, నలభై ఎనిమిది పాయింట్ తొమ్మిది, నలభై ఎనిమిది పాయింట్ ఎనిమిది. మూడింటి మీదా నా ఎర్ర గీతలు. తర్వాతి పేజీలో సరిగ్గా యాభై, కింద నా సంతకం. అలాంటివి ఆ బీరువాలో పదుల కొద్దీ ఉన్నాయి. మా గోడ ప్లగ్గులో ఏముందో ఏటా నలభై మంది పిల్లలు నాకు రాసిస్తూనే ఉన్నారు. నేను కొట్టేస్తూనే ఉన్నాను. ఆ పుస్తకాలను ఒక్కసారి నమ్మి ఉంటే జీవరత్నం గారి జోలికి పోయే పని ఉండేది కాదు.

ఫిబ్రవరిలో ఆ ప్రయోగం వంతు వచ్చింది. ఒకమ్మాయి పుస్తకం పట్టుకుని, భయపడుతూ, "సార్, ఎన్నిసార్లు చేసినా యాభై రావట్లేదండి" అంది.

"రాదమ్మా. వచ్చిందే రాయి. పక్కన టైము కూడా వెయ్యి" అన్నాను.

ఆ అనుభవం నాకు నేర్పింది రెండే విషయాలు. పరికరం ఎంత కొత్తదైనా, అది ఏ చోట, ఏ వేళ, ఏ కరెంటు మీద నడిచిందో రాయని అంకె అంకె కాదు. ఆ అంకె ఒక మనిషి మీద తీర్పు చెప్పేదైతే, రాయడానికి ముందు ఆ మనిషిని పిలిచి వినిపించాలి. పరీక్షలకు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, ఇంతమందికి తప్పు సమాధానం ఎలా వచ్చిందని అడిగితే సబ్‌స్టేషన్ లాగ్ షీటు నకలు ఆయన ముందు పెట్టాను. ఆ ఏడాది మా బ్యాచ్ రికార్డుల్లో ఒక్కదాంట్లోనూ యాభై లేదు. అందరికీ పూర్తి మార్కులు వేశాను.